బంగారక్క మోచేతి ముడి

నేను చేసిన యానిమేషన్‌లో, తోలుబొమ్మలాట బంగారక్క మోచెయ్యి ఒక్కటే నాకు పదకొండు రోజులు పట్టింది. ఆమె చెయ్యెత్తి నడుం మీద పెట్టుకుని మొగుణ్ణి నిలదీయాలి. అంతే పని. తెర మీద అది ఒక్క సెకను కూడా ఉండదు, సరిగ్గా తొమ్మిది ఫ్రేములు, అంటే ఒకదాని వెనక ఒకటి వచ్చే తొమ్మిది బొమ్మలు. ఆ తొమ్మిది ఫ్రేముల కోసం రెండుసార్లు ధర్మవరం బస్సెక్కాను, ఒకసారి ఏడ్చాను, మా అవ్వతో మూడు రోజులు మాట్లాడలేదు.

2006 ఎండాకాలం మాట ఇది. అనంతపురంలో డిగ్రీ ఆఖరేడు చదువుతూ సాయంత్రాలు మల్టీమీడియా డిప్లొమాకు పోతుండేదాన్ని. నాయన నూనె మిల్లులో గుమాస్తా. ఆ ఏడు చెనక్కాయ పంట బాగుంటే మిల్లుకు పని, మిల్లుకు పనుంటే మాకు నాలుగు డబ్బులు. అట్లాంటి ఇంట్లో పదహారు వేల ఫీజు కట్టడమంటే మాటలు కాదు. నాయన నాలుగు కంతుల్లో కట్టాడు. ప్రతి కంతు కట్టిన రోజూ రసీదు తెచ్చి దేవుడి పటం వెనకాల పెట్టేవాడు. అవ్వ మాత్రం "బొమ్మలేస్తే జీతమిస్తారా మే?" అని అడుగుతూనే ఉండేది. అందులో ఎగతాళి లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగేది. నాకూ తెలీదు కాబట్టి "ఇస్తారంట అవ్వా" అనేదాన్ని.

సుభాష్ రోడ్డుకు దగ్గర్లో ఒక మేడ మీద ఎనిమిది సిస్టంలు ఉండేవి. పెంటియం ఫోర్, 256 ఎంబీ ర్యామ్, పొట్ట ముందుకొచ్చిన మానిటర్లు. ఇద్దరికొక సిస్టం. నాతో పంచుకున్నది కడప పిల్ల, హాస్టల్లో ఉండేది. ఆమె ఫోటోషాప్‌లో ఎంత వేగమంటే మౌస్ ముట్టుకోకుండా కీబోర్డు మీదే సగం పని చేసేసేది. కరెంటు పోయినప్పుడల్లా యూపీఎస్‌లు ఒకదాని తర్వాత ఒకటి కీచుమనేవి, ఎనిమిది సిస్టంల ముందున్న వాళ్ళమంతా ఒక్కసారిగా కంట్రోల్ ఎస్ నొక్కేవాళ్ళం. ఆ అలవాటు నా వేళ్ళకు ఇప్పటికీ పోలేదు. ఫోన్లో మెసేజ్ రాస్తున్నా ఎడమచేతి చిటికెన వేలు కదులుతుంది.

మొదట ఇచ్చిన పని, మీ ఊరి మీద ఒక పోస్టర్ చెయ్యమని. మా ఊరంటే టవర్ క్లాకే కదా. ఎనిమిది ముఖాలు, 47 అడుగుల ఎత్తు, స్వాతంత్ర్యం వచ్చిన తేదీ గుర్తుండేట్టు అట్లా కట్టారని అనంతపురంలో ఎవరినడిగినా చెప్తారు. స్టూడియో ఆయన దగ్గర కెమెరా అడిగి తీసుకుని ఫోటో తీశాను. తీరా స్కాన్ చేసి చూస్తే గడియారానికి అడ్డంగా కరెంటు తీగలు, కేబుల్ టీవీ తీగలు. వాటిని చెరిపేయడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. ఆకాశంలో ఒక ముక్క తీసి ఇంకో ముక్క మీద అద్దుతూ, తీగ తర్వాత తీగ. ఆఖరికి నున్నటి నీలం ఆకాశం, దాని ముందు ఒంటరిగా గడియార స్తంభం. కలర్ ప్రింటు తీయించి ఇంటికి తెచ్చి చూపించాను. అవ్వ చాలాసేపు చూసింది.

"ఇది మన టవర్ క్లాకేనా? తీగలు లేకుంటే కాకులు యాడ కూర్చుంటాయి?" అంది.

ఆ ప్రింటు ఎక్కడో పోయింది. మాట పోలేదు.

ధర్మవరంలో మా మామ, అంటే అమ్మ తమ్ముడు, పట్టుచీరలకు డిజైన్లు గీసేవాడు. మగ్గం మీద డిజైన్ ప్రకారం దారాలు లేపే జకార్డు ఉంటుంది, దానికి డిజైన్ అట్టలు కావాలి, ఆ అట్టలకు ముందు గ్రాఫ్ కాగితం మీద బొమ్మ కావాలి. మామ పని ఆ గ్రాఫ్. సెలవులకు పోయినప్పుడల్లా చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, కానీ ఆ ఏడాదే నిజంగా చూశాను. కాగితం నిండా సన్న గళ్ళు. మామ ఎర్ర పెన్సిల్‌తో ఒక్కో గడీ నింపుతూ పోతున్నాడు. నెమలి మెడ వంపు తిరిగే చోట గళ్ళు మెట్లు మెట్లుగా దిగుతున్నాయి. అచ్చం నేను ఫోటోషాప్‌లో పదహారు రెట్లు పెద్దది చేసి చూసినప్పుడు కనపడే మెట్లే అవి.

"మామా, ఇవి పిక్సెళ్ళు" అన్నాను.

"పేరేదైతేనేం పాపా, గడీ నిండితే అట్టకు చిల్లు పడతాది. చిల్లు పడితే దారం లేస్తాది. లేకుంటే లేవదు. అంతే కత" అన్నాడు మామ.

మా కోర్సులో పిక్సెల్ గురించి రెండు క్లాసులు చెప్పారు. నాకు అర్థమైంది మాత్రం ఆ పూట, ఆ అరుగు మీద. నెమలి మెడ నున్నగా కనపడాలంటే ఏ మెట్టు ఎన్ని గళ్ళుండాలో మామ ఎక్కడా లెక్క వేసుకోడు, చెయ్యే చూసుకుంటుంది. ఒక గడీ ఎక్కువైతే మెడ విరిగినట్టుంటుంది. ఆయన పాత గ్రాఫులు నాలుగు తెచ్చుకుని, వాటి అంచులను కోరల్‌డ్రాలో మళ్ళీ గీసి పెళ్ళిపత్రికలకు డిజైన్లు చేశాను. అది నా రెండో ప్రాజెక్టు. దానికి మంచి మార్కులు వచ్చాయి, నిజానికి అవి మామ మార్కులు.

లేపాక్షి కూడా పోయాం, క్లాసంతా కలిసి. వీరభద్రస్వామి గుడి మండపంలో పైకప్పు మీద ఉన్న విజయనగర కాలం బొమ్మల్లో ఆడవాళ్ళ చీరల అంచులు చూసి కాపీ చేసుకోమన్నారు. మెడలు పట్టేసేదాకా చూశాం. దాని గురించి రాస్తే ఇంకో పోస్టు అవుతుంది.

ఆఖరి ప్రాజెక్టు దగ్గరికొస్తాను. మూడు నిమిషాల యానిమేషన్, ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌లో. సెకనుకు పన్నెండు ఫ్రేముల లెక్కన 2160 ఫ్రేములు. చాలామంది కారు పోతున్నట్టో, కంపెనీ లోగో తిరుగుతున్నట్టో అనుకున్నారు. నాకేం చెయ్యాలో తోచలేదు. ఇంటికొచ్చి దిగులుగా కూర్చుంటే అవ్వ అడిగింది. బొమ్మలు కదిలే సినిమా చెయ్యాలి, కత దొరకలేదు అన్నాను.

"బొమ్మలు కదిలేదంటే తోలుబొమ్మలాట కదా" అంది అవ్వ.

అవ్వ పుట్టిల్లు కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడితే గొప్ప అనుకునే జిల్లా మాది. ఆరుద్ర కార్తె పోయినా మబ్బు లేకపోతే ఊరంతా చందాలేసుకుని విరాటపర్వం ఆడించేవాళ్ళంట. విరాటపర్వం చదివినా, ఆడించినా వాన పడుతుందని నమ్మకం. రాత్రి అన్నాలు తిన్నాక మొదలైతే తెల్లారేదాకా ఆట. తెల్లపంచె కట్టిన తెర, వెనక ఆముదం దీపాలు. బొమ్మలాడించేవాళ్ళు కాళ్ళకు గజ్జెలు కట్టుకుని చెక్కపలకల మీద తొక్కితే యుద్ధంలో గుర్రాల డెక్కల చప్పుడు. అర్జునుడి కోసం మేలుకున్నవాళ్ళు తక్కువ, ఆటలో నవ్వించే మొగుడూ పెళ్ళాలు జుట్టుపోలిగాడూ బంగారక్కల కొట్లాట కోసం మేలుకున్నవాళ్ళే ఎక్కువ. మధ్యలో కేతిగాడు దూరి ఇంకా రచ్చ చేసేవాడంట. అవ్వ చెప్తూ చెప్తూ లేచి నిలబడి బంగారక్క గొంతుతో మాట్లాడింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. చెయ్యెత్తి నడుం మీద పెట్టి, తల ఒక్కసారి విదిలించి,

"వాన రాలేదు వాన రాలేదని అంగలారుస్తాండావు. నీ జుట్టు పిండితే రెండు కడవలు నిండవా పోలిగా?"

నా సినిమా అదే అని ఆ క్షణమే తెలిసిపోయింది. పోలిగాడు, బంగారక్క, ఒక ఖాళీ కడవ. నీళ్ళ కోసం ఇద్దరూ కొట్లాడుకుంటారు. ఆఖర్లో వాన పడుతుంది. వాన ఎట్లా పడాలన్నది మాత్రం అప్పటికి తెలీదు.

వారం రోజుల్లో బంగారక్కను గీసేశాను. తల, మొండెం, భుజం నుంచి మోచెయ్యి దాకా ఒక ముక్క, మోచెయ్యి నుంచి మణికట్టు దాకా ఒక ముక్క, అరచెయ్యి ఇంకో ముక్క. ఫ్లాష్‌లో ఒక్కో ముక్కనూ సింబల్‌గా మార్చి, అది ఎక్కడ పట్టుకుని తిరగాలో అక్కడికి తెల్లటి చిన్న వృత్తాన్ని జరపాలి. ఎముకలు గీస్తే కీళ్ళు వాటంతటవే కదిలే సదుపాయం తర్వాతెప్పుడో, 2008 వెర్షన్‌లో వచ్చింది. అప్పుడంతా చేత్తోనే. మొదటి ఫ్రేములో చెయ్యి కింద, తొమ్మిదో ఫ్రేములో చెయ్యి నడుం మీద పెట్టి, మధ్యలోది ట్వీన్ చేస్తే సిస్టమే చూసుకుంటుందని సార్ చెప్పాడు. చేశాను. బంగారక్క చెయ్యి నీళ్ళలో తేలినట్టు మెల్లగా లేచింది. అది కోపమున్న చెయ్యి కాదు, పెళ్ళిపందిట్లో పన్నీరు చల్లే చెయ్యి. పైగా మోచేతి దగ్గర రెండు ముక్కలు ఒకదాని మీదొకటి పడినచోట ముదురు రంగు మచ్చ. తోలులాగా వెలుతురు కనపడాలని రంగులు కొంచెం పారదర్శకంగా పెట్టాను కదా, రెండు పొరలు కలిసిన చోట నల్లబడుతోంది. ఆ మచ్చ పోగొట్టడానికి అంచులు కత్తిరించాను, అప్పుడేమో చెయ్యి వంగినప్పుడు కీలు దగ్గర సందు పడింది. అటు మచ్చ, ఇటు సందు. ఐదు రోజులు దాంతోనే పోయాయి.

ధర్మవరం పోయి మామకు చెప్పుకున్నాను. "నిమ్మలకుంట పోదాం పా" అన్నాడు.

నిమ్మలకుంట ధర్మవరం మండలంలోదే. ఇళ్ళ ముందు అరుగుల మీద కూర్చుని తోలు మీద పని చేస్తున్నారు. చాలామంది ల్యాంపు షేడ్లు చేస్తున్నారు, ఆట కంటే అవే ఎక్కువ అమ్ముడుపోతాయన్నారు. ఇంట్లో వాళ్ళలో వాళ్ళు మరాఠీ కలిసిన భాషలో మాట్లాడుకుంటారు, మనతో మాత్రం మన అనంతపురం తెలుగు. ఒక పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. నేను నోటుపుస్తకంలో గీసుకున్న బంగారక్కను చూపించాను.

ఆయన ఏమీ అనలేదు. లోపలికిపోయి నిజమైన బంగారక్కను తెచ్చాడు.

నేనంతకు ముందు తోలుబొమ్మను చేత్తో పట్టుకోలేదు. మేక తోలు నానబెట్టి, వెంట్రుకలు తీసి, గీకి, బిగించి ఎండబెడితే ఆరిన అప్పడంలా గలగలమంటుంది. దాని మీద గీసి, మొద్దు మీద పెట్టి ఉలితో చిల్లులు కొడతారు. మెడలో హారమంటే రంగు పూయరు, చిల్లుల వరస. చీర అంచు చిల్లుల వరస. వెనక దీపం పెడితే ఆ నగలన్నీ వెలుతురుతో చేసినవే. రంగు రెండు వైపులా వేస్తారు. నడిమధ్యన నిలువునా చీల్చిన బద్ద, దాన్ని పట్టుకునే బొమ్మను నిలబెట్టేది. చేతులకు విడిగా పుల్లలు.

ఆయన బొమ్మను ఎండకు అడ్డంగా ఎత్తి పట్టుకున్నాడు. నేను మోచెయ్యి చూశాను. అక్కడ ముదురు మచ్చ ఉంది.

రెండు తోళ్ళు ఒకదాని మీదొకటి పడిన చోట వెలుతురు తక్కువ దిగుతుంది, నల్లగా కనపడుతుంది. ఐదు రోజులుగా నేను పోగొట్టాలని చూస్తున్నది అదే మచ్చ. అది తప్పు కాదు, కీలు. ఆట చూసేవాళ్ళకు చెయ్యి ఎక్కడ వంగుతుందో చెప్పేది ఆ మచ్చే. ఆయన వేలితో చూపించాడు, రెండు ముక్కలను కలిపే ముడిని తోలు అంచున వెయ్యరు, వేలెడు లోపలికి వేస్తారు. రెండు ముక్కల కొసలూ గుండ్రంగా కోస్తారు. అందుకే ఎంత వంగినా సందు పడదు.

ఇంక నీళ్ళలో తేలే చెయ్యి సంగతి. ఆయన ముడిని గోటితో కదిలించాడు.

"చూడు పాపా. ముడి బిగిస్తే చెయ్యి చచ్చిపోతాది. మరీ వదులైతే చెప్పిన మాట ఇనదు. ముందు భుజం లేయాల. మోచెయ్యి దాని ఎనకాల రావాల. రెండూ ఒకే తూరి లేస్తే అది చెయ్యి కాదు, కట్టె."

అని పుల్లను ఒక్క విసురు విసిరాడు. పై చెయ్యి లేచింది, కింది చెయ్యి ఇంకా వేలాడుతూనే ఉంది, ఉన్నట్టుండి కొరడాలా తిరిగి నడుం దాటి కొంచెం అవతలికి పోయి, వెనక్కొచ్చి నడుం మీద ఆగింది. అవ్వ మా ఇంట్లో నిలబడి చేసింది కూడా సరిగ్గా అదే. నేను చూశానే గానీ గమనించలేదు.

వచ్చేటప్పుడు ఆయన అరిగిపోయిన ఒక చెయ్యి ఇచ్చాడు. ఏ బొమ్మదో గుర్తులేదన్నాడు. మోచేతి ముడి మాత్రం గట్టిగా ఉంది. డబ్బులివ్వబోతే మామ చెయ్యి పట్టుకుని ఆపాడు, ఆయన చిన్నబుచ్చుకుంటాడని.

ఆ చెయ్యిని సంస్థలో స్కానర్ మీద పెడితే మట్టిముద్దలా వచ్చింది. స్కానర్ వెలుతురు కింద నుంచి కొట్టి వెనక్కి తిరిగొస్తుంది, తోలు గుండా దూరదు. అందుకని మిట్టమధ్యాహ్నం మా కిటికీ అద్దానికి అతికించి, స్టూడియో ఆయన కొత్తగా కొన్న డిజిటల్ కెమెరా అడిగి ఫోటో తీశాను. అప్పుడొచ్చింది అసలు రంగు. తేనెలాంటి పసుపు, దాని మీద ఎరుపు, చిల్లుల్లో తెల్లటి ఎండ. ఆ ఫోటోలోంచే బంగారక్క తోలు మొత్తం తయారుచేశాను.

ట్వీన్ తీసేశాను. తొమ్మిది ఫ్రేములూ ఒక్కొక్కటిగా పెట్టాను. మొదటి మూడింట్లో పై చెయ్యి మాత్రమే లేస్తుంది. నాలుగో ఫ్రేములో కింది చెయ్యి బయల్దేరుతుంది. ఆరో దాంట్లో విసురు. ఏడులో నడుం దాటి పోతుంది. ఎనిమిదిలో వెనక్కి. తొమ్మిదిలో నిలుస్తుంది. మోచేతి దగ్గర ముదురు మచ్చ అట్లాగే ఉంచాను. ఎంటర్ నొక్కాను. కడప పిల్ల పక్కనుంచి చూసి "అబ్బ, ఆమెకు కోపమొచ్చింది" అంది. అప్పుడే ఏడ్చింది నేను.

వాన కూడా ఆ చేతిలోనే దొరికింది. రాత్రి దాన్ని ట్యూబులైటుకు అడ్డం పెట్టి చూస్తుంటే చిల్లుల్లోంచి వెలుతురు ఎదురుగోడ మీద తెల్లటి చుక్కలుగా పడింది. చెయ్యి కదిపితే చుక్కలు కదిలాయి. అంతే. నా సినిమాలో కొట్లాట అయిపోయాక బంగారక్క హారంలోని చిల్లులు ఒక్కొక్కటీ ఊడి కిందికి రాలతాయి. తర్వాత చీర అంచులోవి, పోలిగాడి మొలతాడులోవి. వెలుతురు చుక్కలన్నీ వానై కడవలో పడతాయి. బొమ్మలు మెల్లగా చీకటైపోతాయి, కడవ వెలుగుతుంది. మొదట రెండొందల చుక్కలు పెట్టాను, సిస్టం ఆగిపోయింది. అరవైకి తగ్గిస్తే కదిలింది. బొమ్మను తెరకు దగ్గరగా పెడితే నీడ పదునుగా, వెనక్కి లాగితే పెద్దదై మసగ్గా పడుతుంది కదా, ఆ మసక మా ఫ్లాష్ వెర్షన్‌లో లేదు. ఫోటోషాప్‌లో మసక చేసి తెచ్చి పెట్టుకున్నాను.

గొంతు అవ్వదే. హెడ్‌ఫోన్‌కు ఉండే చిన్న మైకు, ఎదురింటి వాళ్ళ కంప్యూటరు రెండు రోజులకు మా ఇంట్లో. అందులో ఉన్న సౌండ్ రికార్డర్ అరవై సెకన్లకు ఆగిపోతుంది. అవ్వకేమో ఆట మొదలుపెడితే ఆపడం తెలీదు. మంచి ఊపులో ఉన్నప్పుడే టక్కున ఆగేది. మళ్ళీ మొదలు. గజ్జెల చప్పుడుకు అమ్మ పాత పట్టీలు కట్టుకుని పీట మీద తొక్కింది. ఒకసారి కుక్కర్ విజిల్, ఇంకోసారి ఉప్పమ్మే ఆయన కేక, ఇంకోసారి మిల్లుకు బయల్దేరుతూ నాయన స్కూటర్ కిక్కు కొట్టడం. పద్నాలుగోసారి నేను విసుక్కున్నాను. "సరిగ్గా చెప్పవ్వా, అందరూ నవ్వుతారు" అన్నాను. అవ్వ మైకు తీసి మంచం మీద పెట్టి లోపలికి పోయింది. మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు ఉగ్గాని చేసి నా ముందు పెట్టి, "మైకు యాడ పెట్టినావు?" అంది. కంప్యూటరు అప్పటికే ఎదురింటికి పోయింది. ఉన్నవాటిలో కాస్త మంచిదే వాడుకున్నాను, వెనక స్కూటర్ చప్పుడు ఉన్నది.

డెమో రోజు మార్కులెయ్యడానికి బెంగళూరు నుంచి ఒకాయన వచ్చాడు. అంతకు ముందు రోజు ఇంకో సిస్టంలో అసలు ఫైల్ తెరిస్తే "వాన బొమ్మ" అన్న టైటిల్ చోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు గజిబిజిగా వచ్చాయి. నేను తెలుగుకు వాడిన అను ఫాంట్లు ఆ సిస్టంలో లేవు. ఆ ఫాంట్లలో మన అక్షరం ఒక్కటిగా ఉండదు, తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఫాంటు లేకపోతే ముక్కలన్నీ ఎటో పోతాయి. రాత్రికి రాత్రి అక్షరాలను విరగ్గొట్టి గీతలుగా, బొమ్మలుగా మార్చేశాను. అప్పుడు ఏ ఫాంటూ అక్కర్లేదు. బెంగళూరు ఆయన మూడు నిమిషాలూ చూసి, చేతి దగ్గర ఆపి, మళ్ళీ వెనక్కి తిప్పి చూశాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. నిమ్మలకుంట అన్నాను. ఆయనకు ఊరు తెలీదు. ఆడియోలో నాయిస్ ఉందని ఆరు మార్కులు తగ్గించాడు.

ఆ సంస్థ కొన్ని నెలలకు మూతపడింది. కొందరికి సర్టిఫికెట్లు కూడా ఇవ్వలేదు. నాది నాయన నాలుగుసార్లు తిరిగి తెచ్చాడు. బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో అవ్వకు ధర్మవరం చీర, మామ గీసిన అంచుదే. "అయితే ఇస్తారన్నమాట" అంది అవ్వ చీర ఒళ్ళో పెట్టుకుని. 2011లో పోయింది.

ఆ తర్వాత నేను ఎన్ని కీళ్ళు కదిలించానో లెక్కలేదు. సాఫ్ట్‌వేర్లు మారాయి. 2020 జనవరిలో నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ ప్రకటించారని టీవీలో చూసి ఆఫీసులో అందరినీ పిలిచి ఆ ఊరి గురించి చెప్పాను. అదే ఏడాది డిసెంబర్ 31తో, ఫ్లాష్‌లో చేసినవి ఆడించే ఫ్లాష్ ప్లేయర్ ఆగిపోయింది. ఆపేస్తున్నామని అడోబీ 2017లోనే చెప్పింది, అయినా నాకు తట్టలేదు. నా దగ్గరున్నది ఆ ప్లేయర్‌లో ఆడే ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైలొక్కటే, అదీ సీడీ మీద, అదీ అనంతపురంలో ఎక్కడో. 2022 ఏప్రిల్‌లో ధర్మవరం, నిమ్మలకుంట, లేపాక్షి అన్నీ శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. నేను ఇప్పటికీ మా జిల్లా అనే అంటాను.

ఈ సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు ఆ సీడీ దొరికింది. పాత ఓలిగల డబ్బాలో, నాయన దాచిన నాలుగు ఫీజు రసీదులతో పాటు. దాని కిందే గుడ్డలో చుట్టిన తోలు చెయ్యి. ముడి ఇప్పటికీ గట్టిగానే ఉంది. సీడీ మాత్రం ఒక డ్రైవులో చదవలేదు. రెండోదాంట్లో చాలాసేపు గురగురమని తిరిగి ఫైల్ ఇచ్చింది. పాత ఫ్లాష్ ఫైళ్ళు ఆడించడానికి రఫుల్ అని ఒక ప్రోగ్రాం ఉంది, అందులో వేశాను.

"వాన బొమ్మ". ప్రతి అక్షరమూ తలకట్టుతో సహా ఉన్నచోటే ఉంది. గజ్జెల చప్పుడు. పోలిగాడు జుట్టు ఊపుతూ వచ్చాడు. బంగారక్క భుజం లేచింది, మోచెయ్యి వెనకాల వచ్చింది. అవ్వ గొంతు. పదిహేనేళ్ళ తర్వాత అవ్వ గొంతు, కొంచెం రేకు డబ్బాలోంచి వచ్చినట్టు. "నీ జుట్టు పిండితే రెండు కడవలు నిండవా పోలిగా?" దాని వెనకాల, ఆమె ఊపిరి తీసుకునే సందులో, కిక్కు. ఇంకో కిక్కు.

నాయన వరండాలో పేపరు చదువుతున్నాడు. డెబ్భై దాటాయి, స్కూటర్ ఎప్పుడో అమ్మేశాడు. పేపరు మడిచి లోపలికొచ్చి నా వెనక నిలబడ్డాడు. తెర మీద చిల్లులు రాలుతున్నాయి, కడవ వెలుగుతోంది. నాయన చూపు తెర మీద లేదు, చెవి ఒగ్గి వింటున్నాడు. అయిపోయాక కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"మళ్ళా పెట్టు మే" అన్నాడు. "మూడో కిక్కుకు పట్టుకుంటాది చూడు."